పులుపు పరీక్ష

బ్లూమెనౌ ఊళ్లో, ఇళ్లలో బీరు కాచేవాళ్ల సంఘానికి పన్నెండే కుర్చీలు. పోయినేడు రూబెన్స్ చనిపోవడంతో ఒకటి ఖాళీ అయింది. అది తనకు కావాలని అతని భార్య నోయెలి అడిగింది. ఎనిమిదేళ్లు మొగుడి పక్కన నిలబడి గింజలు మరపట్టింది, గంజి కలిపింది, పొయ్యి చూసుకుంది. అతని తాలూకు ఇంకేదీ ఆమెకు అక్కర్లేదు, ఆ కుర్చీ ఒక్కటి చాలు. ఆడమనిషిని సంఘంలో ఎన్నడూ చేర్చుకోలేదు గానీ, వద్దనే నిబంధన కూడా లేదు. కొత్తవాళ్లు అందరి ముందూ ఒక్కసారి కాచి మెప్పించాలి, అంతే.

సంఘం పెద్ద ఓత్మార్, రూబెన్స్ తండ్రి. కోడలి కోరిక విని ఔననలేదు, కాదనలేదు. పరీక్ష రోజు పొద్దున్నే వచ్చి పులుపు కొలిచే తన పీహెచ్ మీటరు ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది నాదమ్మాయ్. దీంతోనే కొలువు."

నోయెలికి కళ్లనీళ్లు తిరిగాయి. కొడుకు పోయాక ముసలాయన ఆమెతో మంచిగా మాట్లాడడం అదే మొదలు.

మొలకబార్లీ రవ్వను వేడినీళ్లలో పోసి కలిపింది. గరిటెడు గంజి తీసి, చల్లార్చి, మీటరు ముంచింది. ఆరు దాటి చూపింది. పులుపు పెరిగేకొద్దీ అంకె దిగుతుంది; ఐదుంపావు దగ్గరకు దిగాలి. లాక్టిక్ యాసిడ్ ఒక చెంచా వేసింది, కొలిచింది. ఇంకో చెంచా, ఇంకోటి. రూబెన్స్ ఏనాడూ రెండు చెంచాలు దాటలేదు. ఆమె ఆరు వేసినా అంకె అంతదాకా దిగిరాలేదు. కాస్త నాలుక మీద వేసుకుంటే పుల్లగా తగిలింది.

"మామయ్యగారూ, ఇప్పటికే పులుపెక్కినట్టుంది."

"మీటరు కంటే నీ నాలిక గొప్పదా?" అన్నాడు ఓత్మార్. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఆమె ఏడో చెంచా వేసింది, ఎనిమిదోదీ వేసింది.

ఆరు వారాలకు రుచి చూసే రోజు వచ్చింది. ఇవో అనే సభ్యుడు ఒక గుక్క తాగి తొట్టిలో ఉమ్మేశాడు.

"వెనిగర్‌లా ముల్లంగి ముక్కల మీద చల్లుకోవడానికి పనికొస్తుందమ్మా!"

అంతటితో వదల్లేదు. ఆమె కొలిచిన మీటరు తెప్పించి, సరిచూసే మందునీళ్లలో ముంచాడు. నాలుగు చూపాల్సిన చోట ఐదు చూపింది.

"కొలిచే ముందు మీటరు సరిచూసుకోవడం చేతగాదు గానీ, కుర్చీ కావాల్ట!"

ఆ మీటరు ఎవరిదో పదకొండుమందికీ తెలుసు. ఒక్కడూ నోరెత్తలేదు, ఆమెకు ఓటుగా ఒక్క చెయ్యీ లేవలేదు. ఛీ, ఏం మనుషులు!

ఓడినవాళ్లే గ్లాసులు కడగాలన్నది అక్కడి ఆనవాయితీ. నోయెలి కడుగుతూంటే ఓత్మార్ వచ్చి, పక్కన నిలబడి, ఒక్కో గ్లాసూ తుడవసాగాడు.

"మీటరు సరిచూసుకోవాలని మావాడు నీకు నేర్పలేదా?"

"నేర్పాడు. మీరు చేతికిచ్చినదాన్ని మీ ఎదురుగా పరీక్షిస్తే మీకు చిన్నతనమని ఊరుకున్నాను."

ఓత్మార్ తుడిచిన గ్లాసు వెలుగుకేసి పట్టి చూశాడు.

"ఊరుకుంటావని తెలిసే ఇచ్చాను," అన్నాడు.