వంగని రాడ్డు

అమలాపురం షాపులో చేపలు పట్టే రాడ్లు రెండు నచ్చాయి ఆటో తోలే శివనాగరాజుకి. ఒకటి కొన పట్టుకుని లాగితే సగందాకా వంగింది. రెండోది పిడుగు పడినా వంగేలా లేదు. పెళ్ళాం సత్యదుర్గ మొదటిది చూపించింది.

"దీనికన్నా చీపురుపుల్ల నయం. పండుగప్ప చేప గుంజిందంటే నన్నే లాక్కుపోద్ది" అని నవ్వి గట్టిదే కొన్నాడు. వంగేదేదీ మగాళ్ళకి నచ్చదు మరి. పోనీలే, ముచ్చటపడుతున్నాడని ఆవిడా ఊరుకుంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఓడలరేవు బయల్దేరాడు. వీధిలో ఆటో స్టార్ట్ చేస్తుండగా ఇంట్లో ఫోన్ మోగింది. ఛార్జింగులో పెట్టి మర్చిపోయాడు మహానుభావుడు. దుర్గ ఎత్తింది.

"శివనాగరాజుగారి ఫోనేనాండీ?"

"ఆయ్."

"రాడ్ల షాపు మురళీమోహన్నండీ. మీవారు ఎర మా ఆవిడ దగ్గర కొన్నారంటండి, నాకిప్పుడే తెలిసింది. పొట్టకింద మూడేసి మొనల గేలాలున్న ప్లాస్టిక్ చేపండి అది. దానికి మెత్తగా వంగే రాడ్డే వాడాలండి. గట్టిదైతే, చేప గుంజుకున్నప్పుడు గేలం ఊడి తిన్నగా మొహం మీదకే వచ్చేస్తదండి. ఆయన్ని ఆపండమ్మా, మార్చి ఇస్తాను."

దుర్గ ఫోన్ పట్టుకునే గుమ్మంలోకి పరిగెత్తింది. ఆటో అప్పుడే కదులుతోంది. "ఏవండీ" అనబోయేంతలో అత్తగారు వీరాయమ్మ చెయ్యి ఆమె నోటిమీద పడింది.

"బయల్దేరినోణ్ణి వెనకనించి పిలుస్తావా? బుద్ధుందా?"

"అది కాదండత్తయ్యగారూ, ఆ రాడ్డు..."

"మీ మావగారు పడవెక్కుతుంటే నేనూ పిలిచేను, చుట్టలు మర్చిపోయేరని. ఏమైందో నీకు తెలుసుగా."

తెలుసు. ఆ పడవ తిరిగి రాలేదు. వీరాయమ్మ చెయ్యి మళ్ళీ ఆమె నోటిమీదకి వచ్చింది. ఆ చెయ్యి విదిలించుకుని అరిచి ఉండొచ్చు దుర్గ. అరవలేదు. కాపురానికి వచ్చిన నాలుగేళ్ళలో అత్తగారి భయం ఆమెకీ అంటుకుంది. ఆటో మలుపు తిరిగిపోయింది.

ఇక ఫోన్ చేద్దామంటే అతని ఫోన్ తన చేతిలోనే ఉంది. పొయ్యిమీద పప్పు మాడింది. వీధిలో ఏ చప్పుడైనా గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆటో తోలే మనిషికి కళ్ళే కూడు పెట్టేది.

మధ్యాహ్నానికి ఆటో వచ్చింది. తోలుతున్నది మొగుడు కాదు, రేవులో పడవ నడిపే బాబ్జీ. వెనక సీట్లో శివనాగరాజు ఎడమకంటికి తువ్వాలు అదుముకుని కూర్చున్నాడు. తువ్వాలంతా నెత్తురు. దాని అంచు కిందనించి ప్లాస్టిక్ చేప తోక బయటికి కనిపిస్తోంది.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నామండి, తొందరగా ఎక్కండి" అన్నాడు బాబ్జీ.

"నాయనా" అంటూ వీరాయమ్మ ఆటో కమ్మీ పట్టుకుంది.

"ఫోన్ మర్చిపోయేనని దారిలోనే గుర్తొచ్చిందమ్మా. ఎంతో దూరం పోలేదప్పటికి. వెనక్కొద్దామనుకున్నాను." నొప్పికి పళ్ళు బిగించి ఆగాడు. "బయల్దేరేక వెనక్కి తిరక్కూడదంటావుగా. అందుకే రాలేదు."

వీరాయమ్మ తన నోటికి తన చెయ్యే అడ్డం పెట్టుకుంది.