మెడ కింద చెయ్యి

కోటు గుండీ కాజాలోకి ఎక్కనంది. నర్సు ఎడమచేత్తో కాజా పట్టుకుని కుడిచేత్తో గుండీని తోసింది. పట్టుకున్న చేతికి పట్టు లేదు. "పనికిమాలిన చెయ్యి" అని దాన్నొక తిట్టు తిట్టి, గుండీని అలాగే వదిలేసి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లుగా ఆ చెయ్యి ఇలాగే మొండికేస్తోంది. పట్టుకున్న కప్పు జారిపోతుంది, తాళంచెవి తిరగదు. డాక్టరుకు చూపించుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరికైనా తెలిస్తే కదా! ఊళ్లోవాళ్ల ఇళ్లకు వెళ్లి, "ఒంట్లో ఏ కొంచెం తేడాగా ఉన్నా దాచకూడదు" అని చెవులు చిల్లులు పడేలా చెప్పే మనిషి, తన దగ్గరకొచ్చేసరికి నోరు కుట్టేసుకుంది. ఇంత తెలివి ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఉంటుంది.

సంచీలో దూది, థర్మామీటరు, పసివాళ్లను గుడ్డ ఉయ్యాలలో వేసి తూచే కొక్కెం తక్కెడ. వాటి పైన బొమ్మ. గుడ్డతో కుట్టి ఇసుక నింపిన ఆ బొమ్మ అప్పుడే పుట్టిన బిడ్డంత బరువుంటుంది. మెడలో మాత్రం కావాలనే ఏమీ కూరలేదు. మెడ కింద చెయ్యి ఆనించకుండా ఎత్తితే తల వెనక్కి వేలాడిపోతుంది. మొదటి కాన్పు తల్లులు దీని మీద నేర్చుకున్నాకే తమ బిడ్డను ఎత్తుకోవాలని నర్సు పెట్టిన రూలు. బొమ్మకు ఒక కన్ను ఊడిపోయింది. మెడ చుట్టూ ఎర్రదారంతో మోటుగా వేసిన కుట్లున్నాయి. దాన్ని చూసి జడుసుకోని పిల్లలు తక్కువ.

వంటింట్లోంచి మరదలు తొంగిచూసింది.

"ఇవాళ కూడా వెళ్లాలా వదినా? వచ్చే నెల రిటైరయ్యే మనిషివి. ఇంకా ఎవరి పిల్లల ముడ్లు కడగాలి?"

"మా తమ్ముడికి కడిగాను. వాడే ఇలా తయారయ్యాడు. ఇంక మిగతావాళ్ల గురించి చెప్పేదేముంది?"

పేపరు వెనక ఉన్న తమ్ముడు పేపరును ఇంకాస్త పైకి ఎత్తుకున్నాడు. తల్లి పోయాక అతన్ని పెంచి చదివించింది అక్కే. ఆ రుణం తీర్చుకోవడానికి ఆమెకు వెనక గది ఇచ్చాడు. అందులో విరిగిన ఫ్యాను, పాత పరుపు, సైకిలు ముందే ఉన్నాయి. నర్సు నాలుగోది.

ఆమెను చూసి ఎవరైనా సేవామూర్తి అంటే ఒళ్లు మండేది. నర్సు పరీక్ష అతికష్టం మీద గట్టెక్కాక, ఆసుపత్రిలో ఎవరూ తీసుకోనందుకు ఈ ఇంటింటి పనిలో చేరింది. మొదటిసారి గర్భవతులైన వాళ్ల ఇళ్లకు వెళ్లాలి. బిడ్డ పుట్టి నడిచేదాకా వెళ్తూనే ఉండాలి. చేరిన కొత్తలో ఏదో ఉద్ధరిద్దామనుకుంది. ఆ ముచ్చట త్వరగానే తీరింది. చెప్పింది చెవిన వేసుకోరు. తలుపు తీసి గుడ్లప్పగించి చూస్తారు. అత్తలు మూతి తిప్పుతారు. మొగుళ్లు చొక్కా తగిలించుకుని బయటికి జారుకుంటారు. దాంతో ఆమె తిట్టడం మొదలుపెట్టింది, తిట్టడంలో ఆరితేరింది. పేర్లు గుర్తుపెట్టుకోవడం దండగని తల్లులకు తనే పేర్లు పెట్టుకుంది. ఏడుపుగొట్టు, గాజుబొమ్మ, నిద్రమొహం. వాళ్లూ ఊరుకోలేదు. వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా "మెడ, మెడ" అని అరుస్తుందని ఆమెకు మెడనర్సమ్మ అని పేరు పెట్టారు.

బస్టాపులో ఉండగా సూపర్‌వైజరు ఫోను చేసింది. ఆవిడ ఎప్పుడూ ఒక పసిబిడ్డను ఎత్తుకున్న పాపాన పోలేదు, తల్లీబిడ్డల గురించి మాత్రం మైకు పట్టుకుంటే వదలదు.

"పై ఆఫీసువాళ్లు అడుగుతున్నారు మేడమ్. మనం ఇన్నేళ్లుగా ఇళ్లకు వెళ్తున్నాం కదా, అప్పటి పిల్లలు ఇప్పుడేమయ్యారో తెలియాలట."

"ఏమవుతారు? పెద్దవాళ్లయి ఉంటారు."

"అలా కాదు మేడమ్. మన వల్ల బాగుపడ్డ తల్లి ఒక్కరైనా గుర్తున్నారా? మీటింగులో చెప్పుకోవడానికి."

"ఎవరూ లేరు" అని నర్సు ఫోను పెట్టేసింది. ఆమె నిజంగా అలాగే నమ్మింది. అంత కచ్చితంగా నమ్మిన విషయం గురించి బస్సు దిగేదాకా ఆలోచిస్తూనే ఉంది. ఒక్కరూ లేరా? ఇంతకాలం గొంతు చించుకున్నది గోడలకా? రాత్రిళ్లు పరుపుకీ సైకిలుకీ మధ్య పడుకున్నప్పుడు కూడా ఆమెను తినేసేది ఈ ప్రశ్నే.

ఆ రోజు మొదటిసారి వెళ్లాల్సిన ఇల్లు టైర్ల పంక్చర్లు వేసే కొట్టు పైన ఉంది. కాన్పుకు పుట్టింటికొచ్చిన ఒక పిల్ల పేరు జాబితాలో కొత్తగా చేరింది. మెట్ల మీద రబ్బరు కాలిన వాసన. ఒక్కో మెట్టు మీదా సంచీ దించి, మళ్లీ ఎత్తుకుని ఎక్కింది. తలుపు తీసిన ఆడమనిషికి నలభై కూడా ఉండవు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. నర్సును చూసి ఆమె నోరు తెరిచింది.

"మెడనర్సమ్మా! నువ్వేనా? ఇంకా బతికే ఉన్నావా?"

మాట కంటే ముందు మొండిగా పొడుచుకొచ్చిన ఆ గడ్డాన్ని గుర్తుపట్టింది నర్సు. మొండిఘటం! అప్పుడీమె బడి మానేసి పెళ్లి చేసుకున్న పిల్ల. ఎన్నిసార్లు చెప్పినా బిడ్డను సంచీ ఎత్తినట్టు ఎత్తేది. "మెడ కింద చెయ్యి పెట్టవే మొద్దు మొహమా!" అని నర్సు ఒకరోజు గట్టిగా అరిస్తే, ఆ పిల్ల బొమ్మ తలా మొండెమూ రెండు చేతుల్తో పట్టి లాగి, మెడ చింపి, ఇసుకంతా గదిలో కుమ్మరించింది. ఈ ఇంటికి ఎవరొచ్చినా దండగేనని నర్సు ఆఫీసులో చెప్పేసి, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ బిడ్డ బతికి బట్టకట్టదని కూడా తేల్చేసింది.

బతికి బట్టకట్టిన ఆ బిడ్డే ఇప్పుడు తల్లయింది.

"రా, కూర్చో" అని మొండిఘటం కుర్చీ మీది బట్టల గుట్టను చంకలోకి తీసుకుంది. "నీ తిట్లు ఒక్కటీ మర్చిపోలేదు తెలుసా? నువ్వు రావడం మానేశాక నాకు ఎంత కసి పుట్టిందో! నన్నే మొద్దంటుందా అని దిండుని ఎత్తీ దించీ, ఎత్తీ దించీ నేర్చుకున్నా. ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచా. ఈ బజార్లో ఎవరికి కాన్పయినా నన్నే పిలుస్తారు."

నర్సు మొహం వెలిగిపోయింది. వెలగడమేమిటి, గుండీ పెట్టని కోటులోంచి ఛాతీ ముందుకొచ్చింది. సూపర్‌వైజరుకు వెంటనే ఫోను చెయ్యాలనిపించింది. తన గొప్ప తను వినడానికి మనిషికి ఎంత ఆత్రమో! వదిలేసి పారిపోయిన మనిషి దగ్గర దొరికిన గొప్ప అని ఆ క్షణాన ఆమెకు తట్టలేదు.

అప్పుడు మంచం కేసి చూసింది. మంచానికి ఒక చివర పసిగుడ్డు. ఇంకో చివర, ఎంత దూరం జరగడానికి వీలుంటే అంత దూరం జరిగి మొండిఘటం కూతురు, ఇంకా చిన్న పిల్ల. రెండు అరచేతులూ తొడల కింద దాచుకుని కూర్చుంది. జాకెట్టు రెండు వైపులా పాలతో తడిసి ఉంది. బిడ్డ మూలిగింది. పిల్ల ఒక చెయ్యి బయటికి తీసి, సగందాకా చాపింది.

"మెడ కింద చెయ్యి పెట్టవే మొద్దు మొహమా!"

అరిచింది మొండిఘటం. ఆ గొంతు మాత్రం నర్సుదే. అదే సాగదీత, చివర్న అదే విరుపు. పిల్ల చెయ్యి చటుక్కున మళ్లీ తొడ కిందకు పోయింది. మొండిఘటం వెళ్లి బిడ్డను చక్కగా, పుస్తకంలో బొమ్మలా ఎత్తుకుంది.

"చూశావా నర్సమ్మా? అన్నీ నేనే చెయ్యాలి. ఇది ముట్టుకోనే ముట్టుకోదు. పాలు కూడా పట్టదు, డబ్బాపాలే. ఉలకదు పలకదు. నా కడుపున ఈ మొద్దు ఎలా పుట్టిందో!"

నర్సుకు ఎక్కడో లోపల తుస్సుమంది. తన వల్ల ఏం మిగిలిందా అని ఇంతసేపూ వెతుక్కుంది కదా, ఇదిగో, మిగిలింది. మెడ మిగిలింది, తిట్టూ మిగిలింది. ఈ పిల్ల ఇవాళ బిడ్డను ఎత్తుకోకపోతే రేపు అసలే ఎత్తుకోదు. పాలు ఎండిపోతాయి, ఆ బిడ్డ అమ్మమ్మ బిడ్డయిపోతుంది. ఇలాంటి ఇళ్లు నర్సు చూసింది. అవన్నీ ఆ తల్లుల ఖర్మేనని ఇన్నాళ్లూ అనుకుంది.

"నువ్వెళ్లి టీ పెట్టు" అంది మొండిఘటంతో. "బిడ్డను పడుకోబెట్టి వెళ్లు."

ఇద్దరే మిగిలాక సంచీలోంచి బొమ్మను తీసింది. పిల్ల దాన్ని చూసి ఇంకాస్త ముడుచుకుంది.

"ఇదేనా మా అమ్మ చింపింది?"

"ఇదే. నువ్వు ఎత్తు."

"నాకు రాదండి."

"ఎవరన్నారు?"

"అందరూ."

ఇక్కడ ఒక మంచిమాట చెప్పాలని నర్సుకు తెలుసు. నోట్లో వెతుక్కుంది. అన్నీ తిట్లే తగిలాయి. జీవితమంతా పోగేసుకున్న సరుకు అదే అయినప్పుడు అవసరానికి వేరేది ఎక్కణ్ణుంచి వస్తుంది? మాట రాక, ఎత్తి చూపిద్దామని తనే బొమ్మ కింద చేతులు పెట్టింది. కుడిచెయ్యి నడుము కింద, ఎడమచెయ్యి మెడ కింద. లేపింది. ఎడమచెయ్యి పలకలేదు. బొమ్మ తల వెనక్కి పడిపోయి, మొండెం మోకాళ్ల మీంచి జారింది.

"అయ్యో!"

పిల్ల మంచం మీంచి ఒక్క దూకు దూకి, నేలకు జానెడు ఎత్తున బొమ్మను పట్టుకుంది. ఒక అరచెయ్యి మెడ కింద, ఒకటి పిర్రల కింద.

"మెడ! మెడ చూసుకోవద్దా? ఏం మనిషివి, మొద్దులాగా..."

అనేశాక నాలుక కరుచుకుంది. నర్సు ఒళ్లో ఖాళీ చేతులతో అలాగే కూర్చుంది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని పిల్ల హడలిపోయింది. నర్సు నవ్వుతోంది.

"ఇంతకాలం ఊరందరికీ ఇదే చెప్పి చచ్చాను. చూడు నా తెలివి."

"చెయ్యి బాగోలేదా?"

"బాగోలేదు."

ఆ మాట బయటికి అనడం ఆమెకు అదే మొదలు. పిల్ల ఆ చెయ్యి కేసి, విడిపోయి ఉన్న గుండీ కేసి చూసింది. బొమ్మను చంకకు ఎత్తుకునే ఉంది. ఆ సంగతి తనకు గుర్తున్నట్టు లేదు.

"డాక్టరుకి చూపించుకోండి. దాచకూడదు" అంది.

అంతలో బిడ్డ లేచి గుక్కపట్టింది. వంటింట్లో గిన్నె కిందపడేసిన చప్పుడు, వెంటనే మొండిఘటం గొంతు. "ఒసేయ్, ముట్టుకోకు, మెడ..."

"నోరు మూసుకో మొండిఘటం!" నర్సు లేచి వంటింటి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "నీ కూతురికి వచ్చు. నేను చూశాను."

మొండిఘటం తలుపు నెట్టింది. నర్సు వీపుతో గట్టిగా నెట్టింది. పెద్దాడవాళ్లిద్దరూ ఒక చెక్కతలుపుకు చెరోపక్కా ఆయాసపడుతుండగా, పిల్ల బొమ్మను పక్కన పెట్టి బిడ్డను ఎత్తుకుంది. ఒక అరచెయ్యి మెడ కింద. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి కావచ్చు. బిడ్డ రొమ్ము వెతుక్కుని, తడబడి, పట్టు దొరికించుకుంది. పిల్ల మొహం నొప్పితో చిట్లింది, తర్వాత సర్దుకుంది.

మెట్ల దాకా సాగనంపడానికి వచ్చిన మొండిఘటం మొహం ముడుచుకునే ఉంది.

"దాన్నింక మొద్దు అనకు" అంది నర్సు.

"నన్ను నువ్వు అనలేదా? నేను బాగుపడలేదా?"

"నువ్వు బాగుపడింది నా వల్ల కాదు, నా మీద కసితో. అందరికీ కసి రాదు. కొందరికి భయమే వస్తుంది. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు."

లోపల్నుంచి పిల్ల పిలిచింది. "బొమ్మ మర్చిపోయారండీ!"

"ఉండనీ. మోయలేను."

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంచీ తేలిగ్గా ఉంది. సూపర్‌వైజరు మళ్లీ ఫోను చేసింది, అది సంచీలో మోగీ మోగీ ఆగిపోయింది. తీసి ఉంటే ఏం చెప్పేదో ఎవరికీ తెలియదు. ఎడమచేతిని కుడిచేతిలోకి తీసుకుని, దాన్ని తిట్టకుండా, ఒళ్లో పెట్టుకుంది. తల నెమ్మదిగా పక్కకు వాలి కిటికీ కడ్డీకి ఆనింది. చివరి స్టాపులో కండక్టరు "దిగాలమ్మా" అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి భుజం తట్టాడు.

ఆఫీసులో సంతాపసభ పెట్టారు. ఆమెకు ఒళ్లు మండే మాటను సూపర్‌వైజరు మైకులో పదేపదే అంది. సేవామూర్తి లేని లోటు తీరనిదంది. తర్వాత సంచీ తెప్పించి, తక్కెడ ఉందో లేదో చూసుకుని, బొమ్మేదని తమ్ముణ్ణి అడిగింది. "ఏ బొమ్మ?" అన్నాడతను. ఇన్నేళ్లూ అది ఆ ఇంట్లోంచే రోజూ బయల్దేరేది. వెనక గది మళ్లీ పరుపుకూ ఫ్యానుకూ సైకిలుకూ దక్కింది. పై ఆఫీసువాళ్లకు పంపడానికి ఒక్క తల్లి కూడా దొరకలేదు.

పంక్చర్ల కొట్టతను చెబితే పైన ఆ ఇంటికి నర్సు పోయిన కబురు తెలిసింది. మొండిఘటం ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి గోడ కేసి తిరిగింది. పిల్ల బిడ్డకు పాలిస్తోంది.

"చూపించుకోమని చెప్పానమ్మా" అంది కోపంగా, కళ్లు తుడుచుకుంటూ. "మొద్దు మనిషి."

మంచం మీద, గోడవారగా, ఒంటికన్ను బొమ్మ పడుకుని ఉంది. ఎర్రకుట్ల మెడ కింద, తల వాలిపోకుండా, పిల్ల పెట్టిన చిన్న గుడ్డమడత ఉంది.