ఇల్లుగలావిడ

మూడో ఇల్లు చూసేసరికి తవిటయ్య మోకాలు వంగడం మానేసింది. భుయ్యాడీహ్‌లో నదివైపు సందు. రెండో అంతస్తు మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడ్డాడు. పైన అతని భార్య నూకాలమ్మ అప్పటికే వంటగదిలో ఉంది. కుళాయి తిప్పింది. గోడ అడుగున చెమ్మ ఉందేమోనని అరచెయ్యి ఆనించింది. తర్వాత మంచం పట్టే గోడను జానలతో కొలవడం మొదలుపెట్టింది.

"జానలేసి కొలుత్తన్నావేటప్పా, చీర కొంటన్నావా?" అన్నాడు పైడిబాబు.

"చీరైతే నచ్చకపోతే మార్సుకుంటాను బాబూ. దీన్నెక్కడ మారుత్తాను?"

పైడిబాబు ఇళ్ళ బ్రోకరు. సాక్చిలో బలరామ్ ఆఫీసు తరఫున తిరుగుతాడు. టెల్కో కాలనీ క్వార్టర్లలో ఏ తెలుగువాడు ఏ నెలలో రిటైరవుతాడో అతనికి తెలుసు. రిటైరైనవాడు క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చేతిలో డబ్బు పడుతుంది, తలమీద కప్పు పోతుంది. ఆ రెండింటికీ మధ్య నిలబడటమే పైడిబాబు పని. తనది శ్రీకాకుళం జిల్లా అని చెబుతాడు. ఆడవాళ్ళను అక్క వరసలో అప్పా అంటాడు, మగవాళ్ళను బావా అంటాడు. వాళ్ళు ఇక వేరే బ్రోకరు దగ్గరికి వెళ్ళరు. మనవాడు ఉండగా పరాయివాణ్ణి అడగటం తప్పనుకుంటారు. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎక్కువగా మోసపోయింది మనవాళ్ళ చేతిలోనే.

తవిటయ్య లారీల ఫ్యాక్టరీలో సగం వయసు టెంపరరీగా, మిగతా సగం పర్మనెంటుగా చేశాడు. కూతురు కల్యాణి నర్సింగు చదువుకీ, నూకాలమ్మ ఆపరేషన్‌కీ పీఎఫ్‌లోంచి ముందే తీసినంత తీశాడు. మిగిలింది పదమూడు లక్షలు. పెన్షన్ మూడు వేలు. వచ్చే నెలాఖరుకి క్వార్టరు తాళం అప్పగించాలి.

"ఇల్లుగలావిడేదీ?" అంది నూకాలమ్మ.

"ఊర్లో నేదప్పా. రూర్కెలా ఎల్లింది, సెల్లెలింటికి."

"నీల్లెప్పుడొత్తాయో, వానొత్తే ఎక్కడ కారుద్దో ఆవిడకే గదా తెలుత్తాది."

"నాను సెప్తన్నాను గదా."

"నువ్విక్కడ కాపరం సేసేవేటి?"

పైడిబాబు నవ్వాడు. ఇల్లుగలావిడ సుధ రూర్కెలా వెళ్ళలేదు. కింది ఇంటివాళ్ళ దగ్గర ఉంది. పైడిబాబే కూర్చోబెట్టాడు. మీరు కనిపిస్తే రేటు పడిపోతుంది, వాళ్ళు వెళ్ళిపోయేదాకా బయటికి రావద్దు అని చెప్పాడు. కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ బయానా పడేదాకా ఎదురుబదురుగా కూర్చోనివ్వకూడదు. బలరామ్ ఆఫీసులో మొదట నేర్పేది ఇదే. సుధ పదిన్నర లక్షలు అడిగింది. వీళ్ళకి పన్నెండున్నర అని చెప్పారు. మధ్యలో రెండు లక్షలు ఆఫీసువి. అందులో పైడిబాబుకి ముప్పై వేలు. ఇద్దరి దగ్గరా తీసుకునే రెండేసి పర్సెంటు కమిషన్ వేరే.

మెట్లు దిగుతుంటే కింది ఇంటి తలుపు ఓరగా ఉంది. పరదా వెనక సుధ కుర్చీలో కూర్చుని ఉంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తన సొంత మెట్ల మీద ఎవరి కాళ్ళు దిగుతున్నాయో వింటోంది. నూకాలమ్మ ఆ పరదాకి చెయ్యి తగిలేంత దగ్గరగా నడిచి వెళ్ళింది.

ఆటోలో సాక్చికి వెళ్తుంటే ఆమె బేరం తీసింది.

"పన్నెండు సేయించు బాబూ. అంతా దానికే పోసేత్తే మేవేటి తింటాం?"

"ఆవిడ దిగదప్పా. నాను నెల్లాల్లబట్టీ బతిమాల్తన్నాను."

"పోనియ్యే" అన్నాడు తవిటయ్య. "నాను బిష్టుపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌ల మాటాడేను. నైటు సెక్యూరిటీ. తొమ్మిది వేలిత్తారట. కూకోడానికి కుర్సీ ఇవ్వరట గాని, గేటు కాడ నిలబడాలి. రెండేల్లు నిలబడ్డానంటే ఎల్లిపోయిన డబ్బులు తిరిగొచ్చెత్తాయి."

"ఆ మోకాలుతోనా?"

"ఒంటికాలు మీద నిలబడతాను. కొంగలు నిలబడతన్నాయి కాదేటి?"

నూకాలమ్మ నవ్వలేదు. పైడిబాబు లెక్క కట్టాలనుకోలేదు. ఇరవయ్యేళ్ళుగా లెక్కలు కట్టిన బుర్ర, తనంతట తనే కట్టింది. రెండేళ్ళ జీతం, రెండు లక్షల పై చిల్లర. ఇంచుమించు ఆఫీసు పైన వేసిన సొమ్ము. బయట గోల్‌చక్కర్ కూడలి దగ్గర ట్రాఫిక్ ఆగింది. అతను అటు చూస్తూ కూర్చున్నాడు. జాలి కలగలేదు. అది ఎప్పుడు పోయిందో కూడా అతనికి గుర్తులేదు.

ఆఫీసులో బలరామ్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. తవిటయ్యకి కుర్చీ తుడిపించాడు. చల్లటి నీళ్ళు, టీ వచ్చాయి. తర్వాత పళ్ళెం వచ్చింది. ఇత్తడి పళ్ళెం. తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ము, రెండు అరటిపళ్ళు.

ఈ పళ్ళెం బలరామ్‌ది కాదు. పైడిబాబు తెచ్చిన పద్ధతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనే చెప్పాడు: మావాళ్ళు కాగితం మీద సంతకం చేసి కూడా వెనక్కి పోతారు, తాంబూలం పుచ్చుకుంటే మాత్రం పోరు. పుచ్చుకున్నాక ధర మాట ఎత్తడం పరువు తక్కువ. అప్పటినుంచి తెలుగు పార్టీ వస్తుందంటే ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల పక్కన తడిగుడ్డలో ఆకులు ఉంటాయి. బలరామ్ ఇస్తే తెలుగువాళ్ళు మొహమాటపడతారు కాబట్టి పైడిబాబు ఇస్తాడు.

తవిటయ్య లేచాడు. పైకండువా సర్దుకుని రెండు చేతులూ చాచాడు. నూకాలమ్మ కొంగు నిండుగా కప్పుకుని పక్కన నిలబడింది.

పైడిబాబు పళ్ళేన్ని ముట్టుకోలేదు.

"దో భాయ్" అన్నాడు బలరామ్, ఇవ్వమని.

చేతులు లేవలేదు. అంతే. అవి రెండు పక్కలా వేలాడుతూ ఉన్నాయి.

"నానివ్వను" అన్నాడు.

తవిటయ్య మొహం నల్లబడింది. "ఏటన్నావు? ఇల్లు మాకివ్వనంటన్నావా? పొద్దున్నించి ఇల్లిల్లూ తిప్పి, ఇప్పుడు సేతులు సాపించి..."

"ఇల్లుగలావిడ ఊరెల్లనేదు బావా. కిందింట్లో కూకుంది. నానే కూకోబెట్టేను. ఆవిడడిగింది పదిన్నర."

బలరామ్ నేర్చుకున్న తెలుగు అంకెలే. ఆ ఒక్క మాట అతనికి అర్థమైంది. కోపం తెచ్చుకోలేదు. హిందీలో మెల్లగా చెప్పాడు, ఆఫీసు ఖర్చులుంటాయని, ఊరంతా ఇదే పద్ధతని, కావాలంటే పాతికవేలు తగ్గిస్తానని. పైడిబాబు వైపు తిరిగి అదే గొంతుతో, సాయంత్రం గది తాళం ఇచ్చెయ్యమన్నాడు. పైడిబాబు కాపరముంటున్న గది బలరామ్‌ది. ఇరవయ్యేళ్ళు ఇళ్ళు అమ్మినవాడికి ఇల్లు లేదు.

తవిటయ్య బలరామ్ మాటలు వినలేదు. పైడిబాబునే చూస్తున్నాడు.

"మా తోడల్లుడికి బిర్సానగర్‌ల ఇల్లిప్పించింది నువ్వే గదా?"

"నానే."

"ఆడికి పైనెంతేసేవు?"

పైడిబాబు కళ్ళు పళ్ళెం మీదికి దించాడు.

"ఆడు నీకు బట్టలెట్టేడు. కొత్తింట్ల ముందు నిన్ను కూకోబెట్టి బోయినమెట్టేడు. ఎంతేసేవురా?"

"ఇంతకంటే ఎక్కువే."

తవిటయ్య చాచిన చేతులు అప్పుడు దించాడు. ఆఫీసులో పనిచేసే ఇద్దరు ఫోన్లలోకి తలలు వంచారు. బలరామ్ పళ్ళెం తనే ఎత్తి ముందుకు చాపాడు. "లీజియే, అమ్మా" అన్నాడు.

నూకాలమ్మ ఆ పళ్ళెం వైపు చూసింది. ఆకులు మంచివే. ఆమె చేతులు కొంగులోనే ఉన్నాయి.

"ఒద్దు బాబూ" అంది. తర్వాత పైడిబాబుతో, "మాకు ఇల్లు సూపించినందుకు నీ కూలెంత? సరైంది సెప్పు."

"రెండు పర్సెంటు. ఇరవయ్యొక్క వెయ్యి."

"అదిత్తాం. మరి పైసా ఇవ్వం. ఆవిణ్ణీ మమ్మల్నీ ఒక దగ్గిర కూకోబెట్టు. కాయితాలు సదివి ఇనిపించు. రిజిస్ట్రీ దాకా నువ్వే ఉండు. ఇదే గదా నీ పని."

"ఇదే" అన్నాడు పైడిబాబు. అన్నాక ఆ మాట కొత్తగా వినిపించింది.

"ఈడితోనా?" అన్నాడు తవిటయ్య. "ఈడింకా మనతో వత్తాడా?"

"దొంగకి దార్లన్నీ తెలుసు. మనకు తెలవ్వు. వచ్చే నెల క్వార్టరు కాళీ సెయ్యాల నువ్వు."

ఆమె బయటికి నడిచింది. సాక్చి బజారు ఎండలో రద్దీగా ఉంది. భుయ్యాడీహ్ అని ఆటోని ఆపి, లోపలి చివరకంటా జరిగి కూర్చుంది. తవిటయ్య ఎక్కాడు. మధ్యలోకి జరగలేదు. ఈ అంచున కూర్చుని, ఎదుటి సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. అతని చెయ్యి ఎక్కే దారికి అడ్డంగా ఉంది.

పైడిబాబు ఆటో పక్కన నిలబడ్డాడు. అప్పా అని పిలవలేదు, బావా అని పిలవలేదు. ఇక ఏమని పిలవాలో అతనికి తెలియలేదు.

"చల్నా హై కి నహీఁ?" అన్నాడు ఆటోవాడు, వెళ్ళాలా వద్దా అని, ఇంజన్ ఆపకుండా. నూకాలమ్మ ఎదురుగా రోడ్డు చూస్తోంది. తవిటయ్య కమ్మీ వదల్లేదు.