నాలుగు మైనపు ఉండలు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. గజపతినగరంలో రాజరాజేశ్వరి ఇంట్లో రోలు నిక్షేపంగానే ఉంది గానీ, వీణ మెట్లే జారిపోతున్నాయి. ఆ మెట్లను పొడవాటి మెడలాంటి దండి మీద నిలబెట్టేది నల్లటి మైనం. గది వేడెక్కితే మైనం మెత్తబడుతుంది, మెట్టు వెంట్రుకవాసి కదులుతుంది, గాంధారం దారి తప్పుతుంది. పాఠానికొచ్చే పద్దెనిమిది మంది పిల్లలు ఆ తప్పు గాంధారాన్నే బుద్ధిగా నేర్చుకుని ఇళ్ళకి పోతారు.

హుద్‌హుద్ తుపానుకి పెంకులు లేచిపోయాక ఇంటికి సిమెంటు రేకులు వేయించడంతో వచ్చిపడిన కష్టం ఇది. తర్వాతి రెండు వేసవుల్లోనూ బొబ్బిలి నుంచి వీణలు చేసే ముసలాయన నరసింగరావు వచ్చి, రోజంతా కూర్చుని, కొత్త మైనంతో మెట్లు కట్టాడు. రెండోసారి చేతులు తుడుచుకుంటూ ఒక మాట చెప్పాడు.

"అమ్మా, మెట్లు ఎన్నిసార్లైనా కడతాను. ఈ ఎండ ఏడికి కర్ర పగిలిందంటే మాత్రం నాను సెయ్యగలిగింది ఏటీ నేదు."

ఒకే పనస దుంగలో తొలిచిన ఆ వీణ రాజరాజేశ్వరి తల్లిది. ఇంట్లో పాఠానికి మరో గది లేదు. వచ్చే వేసవిలోగా గది చల్లబడకపోతే పాఠాలు మానేసి, వీణను విజయనగరంలో చెల్లెలింటికి పంపేయాలని ఆమె మనసులో అనుకుంది.

అసలు మొదటి వేసవి తర్వాతే కప్పు కింద సీలింగు వేయించారు. ఆ ఘనకార్యం ఆమె మొగుడు త్యాగరాజుది. గుళ్ళో సేవకి వయొలిన్ వాయించే మనిషి, ఆమెకి మేనబావ కూడా. వీణకి పనసచెక్కను ఏరేటప్పుడు వేలి కణుపుతో కొట్టి, నాదం ఉన్న చెక్కనే తీసుకుంటారు కదా. ఇతగాడు దుకాణంలో సీలింగు చెక్కల్నీ అలాగే కొట్టి చూసి, గంటలా మోగే పల్చటి ప్లైవుడ్ తెచ్చాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. వేడి ఇసుమంతైనా తగ్గలేదు సరికదా, ఒక్కో స్వరం రెండుసార్లు వినిపించడం మొదలైంది.

మూడో ఏడు చైత్రంలో ఆమె బావని నమ్ముకోలేదు. సీలింగు పనిచేసే గంగుల్ని పిలిపించింది. అతను నాలుగు రకాల ముక్కలు తెచ్చాడు. తెల్లటి ప్లాస్టరు పలక, థర్మోకోల్, బుడగలున్న వెండిరంగు రేకు, ఉద్దానం వైపు కొబ్బరి పీచుతో ఒత్తిన రెండంగుళాల పలక. త్యాగరాజు అలవాటు మానలేదు. వరసగా కొట్టుకుంటూ వచ్చి పీచు పలక దగ్గర ఆగాడు. అది దబ్‌మంది.

"ఇది సచ్చిన సప్పుడు రాజా. దీని కింద వీణ ఏటి పలుకుతాది?" అన్నాడు భార్యతో.

ఆమె ఆలోచనలో పడింది. చెవి విషయంలో బావ మాట తీసెయ్యదగ్గది కాదు. వీణ బతికి, నాదం చచ్చిపోతే ఏం లాభం? అయినా మొండికేసింది. నరసింగరావు వదిలి వెళ్ళిన మైనం ముద్దను తీసి రేగుపండంత ఉండలు నాలుగు చేసింది. పెరట్లో మిగిలిపోయిన సిమెంటు రేకును ఇటుకల మీద పెట్టించి, దాని కింద నాలుగు ముక్కలూ, ఒక్కో ముక్క కింద ఒక్కో ఉండా ఉంచింది. పదకొండింటికి పెట్టి మూడింటికి తీసింది. ప్లాస్టరు కింది ఉండ అప్పడమైంది. వెండిరేకు కిందది వేలు ముట్టగానే లొట్ట పడింది. థర్మోకోల్ కిందది ఒక పక్క మెత్తబడింది. పీచు పలక కింద ఉండలో గోరు దిగలేదు.

"బావా, ఇల్లు మోగక్కర్నేదు. వీణ మోగాల. ఇల్లు సల్లగుంటే సాలు," అంది.

గంగులు ప్లైవుడ్ పీకేసి, రేకుకీ పలకకీ మధ్య జానెడు ఖాళీ వదిలి పీచు పలకలు బిగించాడు.

రోహిణి రానే వచ్చింది. మొదటిరోజు మధ్యాహ్నం మూడు దాటాక ఆమె తలుపు తీసి, వీణ గలేబు విప్పింది. ఒక్కో మెట్టూ వేలితో నొక్కి చూసుకుంటూ ఇరవై నాలుగూ దాటింది. ఒక్కటీ కదల్లేదు. తీగ మీటింది. గాంధారం ఉండాల్సిన చోటే ఉంది. కప్పు నుంచి దొంగ జవాబు రాలేదు. స్వరం ఒక్కటే, తేటగా, అమ్మ వాయించినప్పుడు వినిపించినట్టే వినిపించింది. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది, ఏడ్చేసింది. అంత హాయి ఏడుపు ఆమె ఈ మధ్య ఏడవలేదు.

గుమ్మం దగ్గర త్యాగరాజు ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు. దేన్నీ కొట్టి చూడకుండా వయొలిన్ తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. శ్రుతి కలుపుతూ, ఆ ముసలాయనకి రోహిణిలో రమ్మని ముందే చెప్పాం కదా, ఫోను చెయ్యమని గుర్తుచేశాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని నరసింగరావుకి ఫోను చేసింది. ఈసారి రానక్కర్లేదని చెప్పింది. అవతల నుంచి నొచ్చుకున్న గొంతు వినిపించింది.

"మెట్లు ఇంకెవులు కట్టినారమ్మా?"

"ఎవరూ కట్టనేదు నరసింగరావు గారూ. కదల్నేదు."