పాజ్‌లో ఎడమకాలు

ఆదివారం భోజనమయ్యాక ఫ్యాన్ల మెకానిక్కు చెయ్యి తుడుచుకుని బీరువా మీంచి వీడియో క్యాసెట్టు దించుతాడు. ఉఫ్‌మని ఓసారి ఊది, వీసీఆర్‌లోకి తోస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఊదొద్దురా, ఉమ్మి పడుతుంది అని వాళ్ళక్క చెప్పి చెప్పి అలిసిపోయింది.

ఆ క్యాసెట్టులోని సినిమాని వచ్చిన మూడో రోజే హాల్లోంచి ఎత్తేశారు. విలన్ ఎవరో చివరికి కూడా తేలదు. అలాంటిది ఇన్నేళ్ళకి కల్ట్ సినిమా అయి కూర్చుంది. ఎక్కడెక్కడి కుర్రకారో దాని డైలాగులు బట్టీపట్టి ఒకళ్ళకొకళ్ళు అప్పజెప్పుకుంటున్నారు. మెకానిక్కుకి డైలాగులతో పనిలేదు. నలభై ఒకటో నిమిషంలో గొడుగు పట్టుకున్న ఒకమ్మాయి వీధి దాటుతుంది. నాలుగంటే నాలుగు సెకన్లు. ఆ అమ్మాయి వాళ్ళక్క. షూటింగువాళ్ళకి బట్టలు కుట్టివ్వడానికి వెళితే, మనిషి తక్కువైందని గొడుగిచ్చి నడవమన్నారు.

ఆమె ఎడమకాలు గాల్లో ఉండగా మెకానిక్కు పాజ్ నొక్కుతాడు. ఆ క్షణాన అక్క కాలు కూడా, ఎక్కడుంటే అక్కడే, గాల్లో ఆగిపోతుంది. ప్లే నొక్కేదాకా కిందికి రాదు. కాలు తప్ప మిగతాదంతా పనిచేస్తుంది, ముఖ్యంగా నోరు.

ఆవిణ్ణి అందరూ కత్తెరక్క అంటారు. కుట్టుకొట్లో ఆవిడ ఒంటికాలి మీద ఆగిపోతే, కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు "తమ్ముడు సినిమా పెట్టినట్టున్నాడే" అని స్టూలు ముందుకి జరుపుతారు. డాక్టరు మోకాలికి ఎక్స్‌రే తీసి, ఎముకలో ఏమీ లేదు, మీ తమ్ముడితో మాట్లాడండి అని చీటీ రాసిచ్చాడు. మాట్లాడితే వినే రకమా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు. "మన ఇంట్లో తెరమీద కనబడ్డ మనిషివి నువ్వొక్కదానివేనే అక్కా. చూసుకోవద్దా?" అంటాడు. పోనీ టేపు తెంపేద్దామంటే, తన కాలికేమవుతుందోనని ఆవిడకి భయం.

పోయినేడు పక్క ఊళ్ళోని నాటక కంపెనీ, దుస్తుల విభాగం చూసుకోమని కత్తెరక్కని పిలిచింది. వెళ్ళింది. వాళ్ళ గేటు ముందే గంటసేపు కొంగలా నిలబడిపోయింది. ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆ ఇంకొకరు మానేస్తే ఇప్పుడు మళ్ళీ కబురొచ్చింది. సోమవారం పొద్దున్నే చేరాలి. ఉన్నది ఒకటే బస్సు, ఆదివారం మూడింటికి. యాభై మూడేళ్ళ మనిషిని మూడోసారి ఎవరూ పిలవరని ఆవిడకి బాగా తెలుసు.

"ఈ ఒక్క ఆదివారం ఆ క్యాసెట్టు ముట్టుకోకు" అంది పెట్టె సర్దుకుంటూ.

"ముట్టుకుంటే నీ మీదొట్టు."

"నా మీదెందుకురా? నీ మీద పెట్టుకో!"

అక్క అటు బయల్దేరిందో లేదో, ముగ్గురు అభిమానులు తలుపు తట్టారు. "ఒరిజినల్ క్యాసెట్టు మీ దగ్గరుందట కదండీ, ఒక్కసారి చూసిపోతాం" అన్నారు. కాదనడం వాడికి చేతకాదు. కాదనాలనీ లేదు.

బస్టాండులో కత్తెరక్క మెట్టు మీదికి ఎడమకాలు ఎత్తింది. కాలు అక్కడే ఆగింది.

"ఎక్కండమ్మా" అన్నాడు కండక్టరు.

"ఎలా ఎక్కను బాబూ? మా తమ్ముడు పాజ్ నొక్కాడు."

"ఎంతసేపు?"

"వాడి బుద్ధిని బట్టి."

వెనక నిలబడ్డ ముసలాయన నిట్టూర్చి సంచి కింద పెట్టాడు. డ్రైవరు హారన్ మోగించాడు. మూడు దాటి అయిదు నిమిషాలైంది. కత్తెరక్క ఒక చేత్తో తలుపు కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఫోను చేసింది.

"ఒరేయ్, ప్లే నొక్కరా!"

"ఒక్క నిమిషమే అక్కా. వీళ్ళు నీ చెప్పులు చూస్తున్నారు."

"నా చెప్పులు తగలెయ్య! నేను బస్సు మెట్టు మీదున్నానురా!"

"తెలుసు" అన్నాడు మెకానిక్కు. "నువ్వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారే?"

కత్తెరక్కకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వాడంటే ప్రాణమే. ఆ ప్రాణమే ఇన్నేళ్ళుగా తోడేస్తున్నాడు.

"ఉండరా, నీ పని చెప్తా" అని ఫోను ముసలాయన చేతిలో పెట్టింది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని, పళ్ళు బిగబట్టి కిందికి నొక్కింది. గట్టి కుట్టు పట్టుకుని లాగినట్టు తొడదాకా జివ్వుమంది. కాలు మెట్టుకి ఆనింది.

ఇంట్లో తెరమీద ఆగిపోయిన బొమ్మలో, వీధిలో పోతున్న సైకిలువాడు ఆగినచోటే ఉన్నాడు. గొడుగు పట్టుకున్న అమ్మాయి మాత్రం కాలు కింద పెట్టి, రోడ్డు దాటి, తెర అంచులోంచి వెళ్ళిపోయింది.

"ఇది ఒరిజినల్ కాదండీ, ఎడిట్ చేసిన కాపీ" అని అభిమానులు పెదవి విరిచి లేచిపోయారు.

మెకానిక్కు టేపు వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేశాడు. పాజ్ నొక్కాడు. వీధి ఉంది, సైకిలు ఉంది. తెర దగ్గరికి జరిగి చేత్తో దుమ్ము తుడిచి చూశాడు. తర్వాత ఫోను తీశాడు.

"అక్కా... నువ్వు సినిమాలో లేవే."

"బస్సులో ఉన్నానురా" అంది కత్తెరక్క విసుగ్గా. "కిటికీ పక్క సీటు దొరికింది."