మేస్త్రి గారి కట్టుడు పళ్ళు

ఊళ్ళో సగం మంది నవ్వు మేస్త్రి చేతి చలవే. కట్టుడు పళ్ళు తయారు చేయడం ఆయన పని. సెట్టు తీసుకునే ప్రతివాళ్ళకీ ఒకటే పాఠం చెప్తాడు: "రాత్రిపూట తీసి, శుభ్రంగా తోమి, నీళ్ళలో వేయండి. నోటికి మాత్రం నిద్ర అక్కర్లేదా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయన నోట్లోవీ కట్టుడు పళ్ళేనని పళ్ళ డాక్టరమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. యాభై అయిదో ఏట రెండో పెళ్ళి కుదిరినప్పుడు, కాబోయే భార్య "మీ పలువరస భలే బాగుందండీ" అంది. అంతే, నిజం చెప్పడానికి నోరు రాలేదు. తన పనితనం అలాంటిది మరి! పెళ్ళైన రోజు నుంచి రెండేళ్ళుగా పగలూ రాత్రీ పళ్ళు నోట్లోనే. ఆవిడ బజారుకెళ్ళినప్పుడు గబగబా ఓసారి కడిగి పెట్టేసుకోవడమే.

ఆరు నెలల కిందట అంగిలి ఎర్రబడి మంట మొదలైంది. నాలుక మీద విరిగిన పాలలా తెల్లటి పూత. మందు వాడితే పోయేది, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేది. నాలుగోసారి వెళ్ళేసరికి డాక్టరమ్మకు ఒళ్ళు మండింది.

"షుగర్ లేదు, ఇంకే జబ్బూ లేదు. నేను నోటికి మందిస్తుంటే, మీరు పళ్ళకు పట్టిన ఫంగస్‌ని మళ్ళీ నోటికే అంటిస్తున్నారు. రాత్రిళ్ళు తీయాల్సిందే. మీకు కూడా నేనే చెప్పాలా మేస్త్రి గారూ?"

"మా ఆవిడ చూస్తుందండీ..."

"చూస్తే చూడనివ్వండి!"

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి భార్య సంచి సర్దుకుంటోంది.

"మా అక్క దగ్గరికి వెళ్తున్నా. ఎప్పుడొస్తానో తెలీదు."

"ఇప్పుడేమైంది?"

"ఏం వండినా రెండు ముద్దలు తిని లేచిపోతారు. కారం తగ్గించా, పులుపు మానేశా. పక్కన కూర్చుంటే మొహం తిప్పుకుంటారు. నా మీద మోజు తీరిపోయిందని చెప్పలేకే కదా ఇదంతా?"

బోసినోరు చూస్తే ఎక్కడ వదిలేస్తుందోనని దాచాడు. దాచినందుకే వెళ్ళిపోతోంది. ఇక మాటలతో తేలేది కాదని గుమ్మంలోనే నిలబడి పైవీ కిందివీ తీసి అరచేతిలో పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయాయి. తలెత్తకుండా, తడబడుతూ, మంట సంగతంతా చెప్పాడు.

ఆవిడకు ముందు కళ్ళనీళ్ళు వచ్చాయి, తర్వాత కోపం వచ్చింది. "నోరు మండుతోందని చెప్పకుండా ఆర్నెల్లు నన్ను వంటింట్లో ఏడిపించారా? బుద్ధుందా మీకు?" అని దులిపేసి, గిన్నెలో నీళ్ళు తెచ్చి పళ్ళు అందులో వేసింది. ఆ తర్వాత అక్కకి ఫోన్ చేసింది.

"నేను రావట్లేదక్కా."

ఏమైందే అని అక్క అడిగినట్టుంది.

"మా ఆయనకి ఒక్క పన్ను కూడా లేదక్కా!" అంది, మనవడికి మొదటి పన్ను వచ్చిందని చెప్పినంత సంబరంగా.