తన పాట మీద తన పాట

మధ్యాహ్నం నాలుగు దాటాక ఆర్ట్ డైరెక్టర్ వెంకటేశ్వరరావు తన గది తలుపు సగం తెరిచి, "అమ్మా మేధా, ఒకసారి ఇలా రా. లాప్‌టాప్ కూడా తెచ్చుకో," అన్నాడు.

జూబ్లీహిల్స్‌లోని ఆ నిర్మాణ సంస్థ ఆఫీసులో మేధ ఆరేళ్లుగా ఆయన దగ్గర అసిస్టెంటు. సెట్లలోకి కావలసిన పాత వస్తువులు ఎక్కడున్నా వెతికి పట్టుకురావడం ఆమె పని. గోడగడియారం కావాలన్నా, వెనకటి రేడియో కావాలన్నా ముందు ఆమె పేరే పిలుస్తారు.

గదిలోకి అడుగుపెట్టగానే ఆయన బల్ల మీది తెర చూసి మేధ ఆగిపోయింది. తెర మీద ఒక గ్రామఫోన్ రికార్డు నీలం అట్ట. అట్ట మీద వానలో నల్లగొడుగు పట్టుకున్న మనిషి, చంకలో శాక్సోఫోన్. ఆ బొమ్మ ఆమెకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది.

"సృజన్ పంపించాడు," అన్నాడు వెంకటేశ్వరరావు. సృజన్ అంటే అప్పుడు తీస్తున్న సినిమాకి దర్శకుడు. "క్లైమాక్స్‌లో హీరో మామగారి రికార్డు విరగ్గొడతాడు చూడు, దానికి ఇదే కావాలట. ఇంటర్నెట్‌లో అట్ట చూసి మనసు పారేసుకున్నాడు. వేలంలో ఉంది. నాలుగూ నలభైకి ముగుస్తుంది. నీకీ కిటుకులన్నీ తెలుసుగా, మన ఆఫీసు ఖాతాలోంచి నువ్వే పాడు. లక్ష దాకా వెళ్లమన్నారు."

"ఇది వినైల్ సార్. పాత లక్క రికార్డులాగా పగలదు. వంగుతుంది."

"మోకాలి మీద పెట్టి విరుస్తాడట."

"నకలు చేసుకోవచ్చు కదా సార్. అట్ట ప్రింటు వేయిస్తే..."

"నేనూ అదే అన్నాను. నిజమైనది విరిగితేనే నటుడి మొహంలో నిజం కనబడుతుందంటాడు. ఆయన ఒకటి అనుకున్నాక బ్రహ్మదేవుడు చెప్పినా వినడు. కూర్చో."

మేధ చెప్పాల్సిన మాట ఒకటుంది. అప్పుడే చెప్పాల్సింది. ఆ రికార్డు మీద నిన్ననే తన సొంత ఖాతాలోంచి అరవై రెండు వేల దాకా పాట పెట్టి ఉంచింది. చివరి పన్నెండు గంటల్లో పాట వెనక్కి తీసుకోనివ్వరు. రెండు ఖాతాలతో ఒకే వస్తువు మీద ఒకే మనిషి పాడితే సైటు వాళ్లు ఊరుకోరు. ఇవన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. కానీ ఆ మాట అంటే ఆయన తనను లేపి ఇంకెవరినో కూర్చోబెడతాడు. అది తట్టగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. లాప్‌టాప్ తెరిచింది.

తొమ్మిదేళ్ల కిందట, ఇంకా వేరేచోట పనిచేస్తుండగా, ఒక బారు సెట్ కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో పెట్టెడు పాత రికార్డులు కొంది మేధ. షూటింగ్ అయ్యాక ఒకటి మిగిలిపోతే ఎవరూ అడగలేదని బోరబండలోని తన అద్దెగదికి పట్టుకుపోయింది. అది జాజ్ సంగీతమని కూడా అప్పుడామెకు తెలీదు. సెకండ్‌హ్యాండ్ ప్లేయర్ ఒకటి కొని పెట్టి వింటే, ట్రంపెట్ వాయించేవాడు ఎక్కడికో వెళ్లిపోయి, దారి తప్పాడనుకునేలోపు ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆ రోజు నుంచి పట్టుకుంది పిచ్చి. "ఏందమ్మా గా పాటలు? ఒక మాట లేదు, ఏం లేదు," అని కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు దేవమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఆన్‌లైన్ వేలాల్లో ఒక్కొక్కటీ ఏరుకుంటూ ఆమె ఇప్పటికి నూట నలభై రికార్డులు పోగేసింది.

ఈ నీలం అట్ట రికార్డు మాత్రం చేతికి రాలేదు. అగస్టో మెనెజెస్ అనే గోవా శాక్సోఫోన్ కళాకారుడు, ఇంకో నలుగురు కలిసి, ఒక వానాకాలం బొంబాయిలో ఎవరిదో ఇంటి హాల్లో వాయించి, రెండు వందల ప్రతులు మాత్రం అచ్చు వేయించుకున్నారు. రికార్డులు సేకరించే ఒకాయన టేపులోంచి ఇంటర్నెట్‌లోకి ఎక్కించిన నాలుగు నిమిషాలు తప్ప మిగతాది ఎక్కడా దొరకదు. ఆ నాలుగు నిమిషాల్లో ఒకచోట వాయిద్యం మధ్యలో ఎవరో పకపకా నవ్వుతారు. ఎందుకు నవ్వారో తెలియాలంటే దాని ముందు భాగం వినాలి. ఇన్నేళ్లలో రెండుసార్లు వేలానికి వచ్చింది. మొదటిసారి రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. రెండోసారి నాలుగు సెకన్లలో చేజారింది. ఇప్పుడు లిస్బన్‌లో ఒక పాత సామాన్ల దుకాణం వాడు పెట్టాడు. స్కూటీ కొనడం మానుకుని ఆ అరవై రెండు వేలు కూడబెట్టింది.

వెంకటేశ్వరరావు కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు. తెర మీద పాట ముప్పై ఒక్క వేల దగ్గర ఉంది.

"ఎవరో ముందున్నారే."

"ఉన్నారు సార్."

మేధ ముప్పై అయిదు వేలు కొట్టింది. నొక్కీ నొక్కకముందే ఎర్ర అక్షరాలు: మీకంటే ఎక్కువ పాట ఉంది. నలభై కొట్టింది. మళ్లీ అదే. నలభై అయిదు. తను ఒక మెట్టు ఎక్కితే, పై మెట్టు మీద అప్పటికే తనే నిలబడి ఉంది.

"మొండిఘటంలా ఉన్నాడు," అన్నాడాయన. "రెప్పపాటులో మించిపోతున్నాడు. మనిషా, మిషనా?"

"పైహద్దు ముందే చెప్పిపెట్టుకుంటారు సార్. అక్కడి దాకా సైటే వాళ్ల తరఫున పాడుతుంది."

"ఆ హద్దెంతో మనకి తెలీదు."

"తెలీదు సార్," అంది మేధ. ఆ అబద్ధం ఇంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

యాభై అయిదు. అరవై. అరవై మూడు కొట్టగానే అక్షరాలు ఆకుపచ్చగా మారాయి. అదే క్షణంలో బల్ల మీద ఆమె ఫోను గుర్రుమంది. మీ పాటను మించిపోయారని తనకే వచ్చిన కబురు. చప్పున ఫోను బోర్లించింది.

"చూసుకో తల్లీ, ఇంటి నుంచేమో."

"తర్వాత చూస్తాలెండి సార్."

ఆయన ఆమె చెయ్యి వంక చూశాడు. ఇంకా తొమ్మిది నిమిషాలుంది. పాట తమదే అన్న ధీమాతో టీ తెప్పించాడు. మేధ గ్లాసు ముట్టుకోలేదు. ఇన్నేళ్లుగా తెచ్చుకోవాలనుకున్న వస్తువును తన చేత్తోనే తెప్పించి, తన కళ్లముందే ఒకడి మోకాలి మీద విరిపించబోతోంది.

మూడు నిమిషాలుండగా కొత్తవాడెవడో దిగాడు. ఒక్కసారే డెబ్భై వేలు.

"పాడు, పాడు," అని వెంకటేశ్వరరావు ముందుకు వంగాడు.

డెబ్భై రెండు. అవతలివాడు డెబ్భై అయిదు. డెబ్భై ఎనిమిది. ఎనభై రెండు. ఈసారి అవతల ఉన్నది మిషను కాదు, మనిషే. ప్రతి పాటకీ ముందు ఆరేడు సెకన్లు తటపటాయిస్తున్నాడు, తర్వాత వస్తున్నాడు. ఎక్కడో ఒక గదిలో తనలాగే ఎవరో అరచేతులు తుడుచుకుంటున్నారని మేధకు తెలిసిపోయింది. ఎనభై అయిదు. ఎనభై ఎనిమిది. మేధ తొంభై కొట్టింది. ఆకుపచ్చ.

వెంకటేశ్వరరావు ఫోను మోగింది. నిర్మాత ఆఫీసు. ఆ గదిలో సిగ్నల్ సరిగా అందదు. "నువ్వు కానియ్, లక్ష దాకా ఆగకు," అంటూ ఆయన బాల్కనీలోకి వెళ్లాడు.

యాభై సెకన్లు. నలభై. ముప్పై రెండో సెకను దగ్గర ఎర్ర అక్షరాలు వచ్చాయి. తొంభై మూడు వేలు.

మేధ తొంభై అయిదు అని కొట్టింది. ఇక నొక్కడమే మిగిలింది. ఇరవై. అద్దం అవతల ఆయన వీపు కనబడుతోంది. ఆయన తిరిగి చూడ్డంలేదు. చూడాల్సిన పని లేదనుకున్నాడు కాబట్టి చూడ్డంలేదు. పద్నాలుగు. నొక్కితే ఆ మనిషి ఆగిపోవచ్చు. ఇంకా పైకి రావచ్చు కూడా, అప్పుడు తన తప్పేమీ ఉండదు. తొమ్మిది. వేలు మీట మీదే ఉంది. దాన్ని అక్కణ్ణించి తియ్యడానికి మేధకు నొక్కడానికి కావలసినంత బలమే కావలసివచ్చింది. తీసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

వేలం ముగిసింది.

ఆయన లోపలికి వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది.

"ఏమైంది? ఎంతకి?"

"తొంభై మూడుకి. వాళ్లకి."

"మన దగ్గర ఇంకా ఏడు వేలుంది కదా." ఆయన తెర వంక చూశాడు. కొట్టిన తొంభై అయిదు వేల అంకె అక్కడే ఉంది. "నెట్ ఆగిందా?"

తప్పించుకోవడానికి ఆయనే దారి చూపించాడు. అవునంటే అంతటితో సరి. ఇందాక అబద్ధం తేలిగ్గా వచ్చింది, ఇప్పుడు రాలేదు.

"లేదు సార్. నేనే నొక్కలే," అంది. ఆఫీసులో ఎప్పుడూ రానివ్వని ఇంటి యాస దానంతటదే వచ్చేసింది. తర్వాత అంతా చెప్పేసింది. అరవై రెండు వేల దాకా ఎదురుగా ఉన్నది తనేనని కూడా.

వెంకటేశ్వరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముప్పై రెండేళ్లలో నేనెన్ని ఇళ్లు కట్టానో తెలుసా? ఇప్పుడొక్కటీ మిగల్లేదు. తగలబెట్టినవీ, వరదలో ముంచినవీ, లారీతో గుద్దించినవీ. వస్తువు మీద మమకారం పెట్టుకుంటే ఈ పని చెయ్యలేం."

"మీరు కట్టింది మళ్లీ కట్టగలరు సార్. అది వాయించినవాళ్లు అయిదుగురూ పోయారు."

"కావచ్చు. నాకు ముందే చెప్పి ఉంటే?"

"నన్ను కూర్చోబెట్టేవారు కాదు."

"కాదు. ఇంకొకరిని కూర్చోబెట్టేవాణ్ణి."

"అప్పుడు అది మనకి దొరికేది."

"దొరికేది. అందుకేగా నువ్వు చెప్పలేదు," అన్నాడాయన. ఆ గొంతులో కోపం కంటే దెబ్బ తిన్న బాధే ఎక్కువ ఉంది. "పద. సృజన్‌కి నువ్వే చెప్పు."

ఫిలింనగర్‌లో షూటింగ్ జరుగుతున్న ఫ్లోరుకి ఇద్దరూ ఒకే కారులో వెళ్లారు. సృజన్ మానిటర్ ముందు కూర్చుని ఉన్నాడు. మేధ చెబుతున్నంతసేపూ తల తిప్పలేదు.

"నా సినిమా ఊరంతా చూస్తుంది," అన్నాడు చివరికి. "ఆ రికార్డు ఎంతమంది విన్నారు?"

"చాలా కొద్దిమంది సార్."

"మరి నీకెవరిచ్చారు హక్కు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్."

"అయితే రేపట్నుంచి నా సినిమాకి రావద్దు."

వెంకటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "సీనుకి ఇంకా పదకొండు రోజులుంది. ఇప్పుడిక నకలు తప్పదు. ఆ రికార్డు లేబులు, గీతలు, అంచు తెలిసిన మనిషి మన దగ్గర ఈమె ఒక్కతే. అది అయ్యేదాకా ఉండనివ్వండి."

సృజన్ మొదటిసారి ఇద్దరినీ చూశాడు. "కెమెరాలో తేడా తెలిస్తే ఇద్దరూ వెళ్లిపోతారు. సరేనా రావుగారూ?"

"సరే," అన్నాడాయన.

ఆ పదకొండు రోజులూ మేధ సరిగ్గా తిన్నది లేదు. వేలం ఫొటోలు పెద్దవి చేసుకుని లేబులు అక్షరాలు ఒక్కొక్కటీ దిద్దింది. రెజిన్ జిగురు పోసి చేసిన మొదటి రెండు నకళ్లూ వంగాయేగాని విరగలేదు. ప్లాస్టర్ కలిపిన మూడోది చక్కగా విరిగింది కాని లోపల తెల్లగా పిండి కనబడింది. మసి కలిపి లోపలంతా నల్లగా వచ్చేలా ఇంకో మూడు పోసింది.

సీను రోజున హీరో మొదటి నకలు మోకాలి మీద పెట్టాడు. అది అంచు దగ్గర చిట్లి ఊరుకుంది. "కట్," అన్నాడు సృజన్. వెంకటేశ్వరరావు జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. మేధ రెండోది హీరో చేతికందించింది. ఈసారి ఫట్‌మని ఒక్క చప్పుడు, లేబులు మధ్యకు చీలి రెండు ముక్కలు. అది తను పోసిన మసి ముద్దేనని తెలిసి కూడా మేధ కళ్లు మూసుకుంది.

సృజన్ ఆ షాటును మూడుసార్లు వేయించుకుని చూశాడు. బొమ్మ పెద్దది చేయించి, ముక్కల దగ్గర ఆపించి చూశాడు.

"ఓకే. నెక్స్ట్," అన్నాడు. మేధ ఉన్నవైపు చూడలేదు.

బయట ఎండ తగ్గుముఖం పట్టింది. వెంకటేశ్వరరావు కారు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నెలాఖరు దాకా జీతం వస్తుంది. వచ్చే నెల నాకు ఇంకో సినిమా మొదలవుతుంది. నిన్ను పిలుస్తానో లేదో ఇప్పుడే చెప్పలేను. కోపం ఇంకా పోలేదు."

"సరే సార్."

"అది ఎవరికి వెళ్లిందో తెలిసిందా?"

"లేదు సార్. ఏ దేశమో కూడా తెలీదు."

"మరి నీకేం మిగిలింది?"

మేధ ఆలోచించింది. గొప్పగా చెప్పడానికేమీ దొరకలేదు. "ఎక్కడో ఒకచోట ఉంది కదా సార్," అంది.

ఆయన పెదవి విరిచి, తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఇంజను స్టార్టు చేసి, పక్క సీటు మీదున్న సెట్ డ్రాయింగుల చుట్ట ఎత్తి పట్టుకున్నాడు.

"ఎక్కు. బోరబండలో దింపుతాను."

మేధ ఎక్కి, ఆ చుట్ట అందుకుని ఒళ్లో పెట్టుకుంది.